పరదేశమున స్వంత పని చేసికొనువాడు చూపవలసిన లెక్క

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక శనివారము రాత్రి మన మందిరమున రామభజనము జరిగినది. దీపము చుట్టు తిరుగుచు పాడినవారు అలసి కూర్చుండిరి. తెల్లవారుజామున ప్రసాదము పంచుచుండగా నా చెల్లెలు కొంగు చాటున నుండి మడిచిన కాగితమొకటి తీసి నా చేతబెట్టి, "అన్నయ్యా, ఇది నువ్వే చదవాలి. అందరి ముందూ వద్దు" అని మెల్లగా చెప్పెను.

అది బ్రిటను దేశపు వలస వ్యవహారముల కార్యాలయము పంపిన ఉత్తరము. నా చెల్లెలి కోడలు తన భర్త యొద్దకు పోవుటకు పెట్టుకొనిన వీసా దరఖాస్తును తిరస్కరించితిమని అందున్నది. కారణము ఒక్కటే. భర్త ఆదాయము నియమిత మొత్తమునకు చాలలేదు. చూపిన పత్రములు ఒకదానితో నొకటి సరిపోలేదు.

"అంటే మావాడు సంపాదించడం లేదని రాశారా?" అని చెల్లెలు అడిగెను. మరునాడు వియ్యంకులవారు వచ్చి అడిగిన ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. "పెళ్లి మాటలనాడు అబ్బాయి ఏడాదికి 39,000 పౌండ్లు తెస్తాడన్నారు. ఈ కాగితంలో 26,500 అని ఉంది. మీరు పంతులుగారు, మీరే చెప్పండి. ఏది నిజం?"

ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము చెప్పుటకు నాకు మూడు మాసములు పట్టినది. మన ద్వీపమున ఇంటికొక బిడ్డ పరదేశమున నుండుటయు, వారిలో ననేకులు ఒకరి క్రింద నౌకరీ చేయక తమ చేతిపనితో బ్రతుకుచుండుటయు చూచి, ఆ సమాధానమును మన పత్రికలో వ్రాయుచున్నాను. ఇంటివారి అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాను.

మా మేనల్లుడు 2006లో చదువు నిమిత్తము లండనునకు పోయెను. తరువాత చట్టప్రకారము అచటనే నిలిచి, స్థిరనివాసపు అనుమతిని పొందెను. పాస్‌పోర్టు మాత్రము ఇప్పటికిని మన మారిషస్‌దే. అతడు ఇండ్లకు రంగులు వేయువాడు. స్వంత బండి, స్వంత నిచ్చెనలు, స్వంత కుంచెలు. వారములో అయిదు దినములు గుత్తేదారుల క్రింద కట్టడపు పనులలో నుండును. శనివారములందు తెలిసిన ఇండ్లకు పోయి పనిచేయును. ఎవరి జీతగాడును కాడు.

కష్టమంతయు ఈ చివరి మాటలోనే యున్నది. బ్రిటనులో నున్న భర్త జీతగాడైనచో ఒకే యజమాని వద్ద ఆరు మాసములు పనిచేసిన జీతపు చీటీలును, ఆ జీతము చేరినట్లు బ్యాంకు లెక్కయు, యజమాని ఉత్తరమును చూపిన సామాన్యముగా సరిపోవును. స్వంత పని చేసికొనువానికి ఉత్తరము వ్రాయు యజమాని లేడు. తన గురించి తాను చెప్పుకొను మాటకు విలువ లేదు గనుక, అతనికి బదులుగా పన్నుల శాఖయు, బ్యాంకును, లెక్కల నిపుణుడును మాటలాడవలెను. ఆ ముగ్గురును ఒకే మాట చెప్పవలెను. అదియు ఆరు మాసములకు గాదు. ఆ దేశపు పన్నుల సంవత్సరము, అనగా ఏప్రిల్‌ 6 మొదలు మరుసటి ఏప్రిల్‌ 5 వరకు, పూర్తిగా ఒక సంవత్సరమునకు.

ఆదాయపు నియమము 2012 జూలై 9 నుండి అమలులోనికి వచ్చినది. నాడు భార్యను గాని భర్తను గాని రప్పించుకొనువాడు సంవత్సరమునకు 18,600 పౌండ్ల ఆదాయము చూపిన చాలును. 2024 ఏప్రిల్‌ 11 నుండి క్రొత్తగా దరఖాస్తు పెట్టువారికి దానిని 29,000 పౌండ్లకు పెంచిరి. ఆ తేదీకి ముందు దరఖాస్తు పెట్టినవారికి పాత మొత్తమే వర్తించెను.

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలెను. పెండ్లి మొదట 2024 ఫిబ్రవరికి నిశ్చయమైనది. మా తల్లిగారి సాంవత్సరికము తీరలేదు గనుక ఆ యేడు శుభకార్యము వద్దని ఆగస్టునకు వాయిదా వేయించినవాడను నేనే. ఫిబ్రవరిలో పెండ్లి జరిగి వెంటనే దరఖాస్తు పడియున్నచో పాత మొత్తమైన 18,600 పౌండ్లు చూపిన చాలియుండును. నేను శాస్త్రము చూచితినే గాని సముద్రమునకు ఆవలి చట్టము చూడలేదు. చెల్లెలు ఈ మాట నన్ననలేదు. అనకపోవుటయే నాకు బాధ.

ఇక వియ్యంకుల ప్రశ్నకు వచ్చెదను. మేనల్లుడు ఫోనులో చెప్పుచుండగా కాగితముపై వ్రాసికొంటిని. 2023 ఏప్రిల్‌ నుండి 2024 ఏప్రిల్‌ వరకు అతడు వ్రాసిన బిల్లుల మొత్తము 39,400 పౌండ్లు. అందులో 34,000 గుత్తేదారుల పని. 5,400 ఇండ్ల యజమానులు బ్యాంకు ద్వారా ఇచ్చినది. ఆ దేశమున కట్టడపు పనులకు ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. నమోదు చేసికొనిన పనివానికి గుత్తేదారు కూలి సొమ్ములో నూటికి 20 వంతున ముందుగనే మినహాయించి పన్నుల శాఖకు కట్టును; నమోదు లేనివానికి 30 వంతున. కాబట్టి 34,000లో 6,800 మినహాయింపు పోయి బ్యాంకులో 27,200 మాత్రమే పడినది. ఇండ్లవారి 5,400 కలిపిన బ్యాంకు లెక్క 32,600. రంగులు, బండి నూనె, బీమా, నిచ్చెనలు, ఫోను మొదలగు వ్యాపారపు ఖర్చులు 12,900. బిల్లుల మొత్తము నుండి ఖర్చులు తీసివేయగా మిగిలిన లాభము 26,500.

అనగా ఒకే మనుష్యునికి, ఒకే సంవత్సరమునకు, మూడు అంకెలు. బిల్లులలో 39,400, బ్యాంకులో 32,600, పన్నుల కాగితములో 26,500. మూడును నిజమే. కాని వీసా అధికారికి కావలసినది మూడవది. స్వంత పేరుతో పని చేసికొనువానికి ఖర్చులు పోగా పన్నుకు లోబడిన లాభమే ఆదాయము. దానిపై పన్ను కట్టుటకు ముందరి మొత్తమును లెక్కించెదరు. పెద్ద అంకె చూపిన చాలునని మేనల్లునికి ఎవరో సలహా చెప్పిరి. అతడు దరఖాస్తులో 39,400 వేసి, పన్నుల శాఖ కాగితమును, బ్యాంకు కాగితములను జతపరచెను. గుత్తేదారులు ప్రతి మాసము ఇచ్చిన మినహాయింపు చీటీలను మాత్రము పంపలేదు. అవి లేనిదే 34,000కును 27,200కును పొత్తు కుదరదు. చదువు అధికారికి ఈ మనుష్యుడు ఒక్కొక్కచోట ఒక్కొక్క మాట చెప్పుచున్నాడని తోచుట వింత గాదు.

వియ్యంకులవారు చిన్న చెరకు రైతు. నేను వారికిట్లు చెప్పితిని: "బావగారూ, మీ చెరకు సొమ్ము ఎంత అని అడిగితే మిల్లులో తూచిన చెరకంతటి ధర చెపుతారా, కోత కూలి, బండి కూలి, ఎరువుల ఖరీదు పోగా మిగిలింది చెపుతారా?" వారు కొంతసేపు ఊరకుండి, "అడిగేవాడు ఎవడన్న దాన్ని బట్టి చెపుతాను" అనిరి. అందరమును నవ్వితిమి. ఆ నవ్వుతో ఇండ్ల నడుమ బిగిసిన ముడి కొంత వదలినది.

అయితే నాలుగవ అంకె యొకటి కలదు. దానిని వియ్యంకులకు ఆనాడు చెప్పలేదు. ఈ వ్యాసము చదివి తెలిసికొందురు గాక. మేనల్లుడు శనివారపు పనులకు కొందరి వద్ద రొక్కము తీసికొనెను. అది ఆ సంవత్సరమున సుమారు 4,000 పౌండ్లు. బిల్లు వ్రాయలేదు, బ్యాంకులో వేయలేదు, పన్నుల శాఖకు చెప్పలేదు. ఇంటి అద్దెకును, మనకు పంపిన పండుగ సొమ్మునకును చెల్లిపోయినది. ఆ 4,000 కలిసియున్నచో లాభము 30,500 అయి 29,000 దాటియుండును. పన్ను తప్పించుకొనిన సొమ్మే అతని భార్యను ద్వీపమున నిలిపివేసినది.

ఇట్టి సమయమున మనకు దొరకు సలహాలు అనేకములు. "పాత రిటర్ను సవరించి అంకె పెంచు, అయిపోతుంది" అని యొకరు. సవరించుటకు చట్టము ఒప్పుకొనును. 2023–24 రిటర్నునకు గడువు 2025 జనవరి 31. దాని మీద మరియొక సంవత్సరము వరకు సవరించుకొనవచ్చును. నిజముగా సంపాదించి చెప్పనిదానిని చెప్పి, పన్నును వడ్డీని కట్టుట ధర్మమే. కాని వీసా నియమము కాగితముపై అంకెతో తృప్తిపడదు. ఆ ఆదాయము ఆ పండ్రెండు మాసములలోనే బ్యాంకు ఖాతాలో చేరినట్లు చూపుమనును. జేబులో ఖర్చయిన రొక్కమును నేడు బ్యాంకులో వెదకిన ఎచట దొరకును?

అదియును గాక, ఇట్టి సవరణలు ఆ దేశమున ఒకప్పుడు పెద్ద వివాదమునకు కారణమైనవి. నైపుణ్యము గల విదేశీయులకు అచట పూర్వము ఒక వీసా ఉండెను. ఆదాయమునకు గుణములు వేసి దానిని పొడిగించెడివారు. భారతదేశము, పాకిస్తాను మొదలగు దేశములవారు అనేకులు జీతమునకు తోడు స్వంత పని ఆదాయమును చూపి పొడిగింపు పొందిరి. తరువాత స్థిరనివాసమునకు దరఖాస్తు పెట్టినప్పుడు వలస కార్యాలయము పన్నుల శాఖను అడిగి చూచెను. వీసా కాగితములో ఎక్కువ, పన్నుల కాగితములో తక్కువ. కొందరు దరఖాస్తుకు ముందు హడావిడిగా పాత రిటర్నులను సవరించియుండిరి. అనేకుల దరఖాస్తులను మోసమను కారణముతో త్రోసివేసిరి. పది సంవత్సరములు ఆ దేశమున పనిచేసి పిల్లలను కన్నవారు గూడ వారిలో నుండిరి. 2019 ఏప్రిల్‌లో అచటి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది: అంకెలు వేరైనంత మాత్రమున మోసమని నిశ్చయింపరాదు, ముందుగా ఆ సందేహమును దరఖాస్తుదారునకు తెలిపి, సమాధానము చెప్పుకొను అవకాశము నీయవలెను. అది గొప్ప తీర్పే. కాని న్యాయస్థానము మెట్లెక్కి గెలుచువరకు మనుష్యుడు ఏ స్థితిలో నుండునో ఊహించుకొనుడు.

చెల్లెలు మరియొక మార్గము చెప్పెను. "మా చేనుంది, ఇల్లుంది. కోడల్ని మేం పోషిస్తామని రాసిస్తాం. చాలదా?" సామాన్యముగా చాలదు. తల్లిదండ్రులు పోషింతుమని వ్రాసి యిచ్చు మాటను ఆదాయముగా లెక్కింపరు. ద్వీపమున కోడలికి ఉద్యోగమున్నను ఆ జీతము లెక్కకు రాదు. నిలువ సొమ్ముతో నియమము నెరవేర్చుట యొకటి కలదు గాని, నిలువ సొమ్ము ఒక్కదానిపైననే ఆధారపడినచో 88,500 పౌండ్లు ఆరు మాసములుగా చేతిలో నుండవలెను. జీతగాడు తన జీతమునకు తరుగుపడినదానిని నిలువ సొమ్ముతో కొంత పూరించుకొనవచ్చును. స్వంత పని చేసికొనువానికి ఆ సౌకర్యము గూడ లేదు.

ఆ రోజులలో మేనల్లుడు ఫోనులో కోపగించెను. "మామయ్యా, పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను. ఒక్కరోజు కూడా ప్రభుత్వం అన్నం తినలేదు. నేను బతకగలనని ఇంకా రుజువు చూపాలా?" అని అడిగెను.

ఆ మాట వినగానే నాకు మా ముత్తాత బొమ్మ జ్ఞప్తికి వచ్చినది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలసవచ్చిన భారతీయుల దస్తరములను భద్రపరచియున్నారు. మనలో అనేకులు అచటికి పోయి తమ పెద్దల పేరు, తండ్రి పేరు, గ్రామము, ఓడ పేరు వ్రాయించుకొని వచ్చిరి. నాకును అచట ఒక ఛాయాచిత్రపు ప్రతి దొరకినది. తలపాగా, ముడిపడిన కనుబొమలు, క్రింద ఒక సంఖ్య. మా యింట అందరును ఆ చిత్రమునకు నమస్కరింతురు. చిత్రము ఎందులకు తీసిరో ఆలోచించినవారు తక్కువ.

1834 నవంబరు 2న "అట్లాసు" ఓడ దిగినది మొదలు మన ద్వీపమునకు ఒప్పందపు కూలీలు వచ్చుచునే యుండిరి. కోరంగి రేవునుండి వచ్చిన మనవారిని "కోరంగీలు" అని పిలిచిరి. ఒప్పందపు కాలము ముగిసినవారికి "పాత వలసదారులు" అని పేరు. వారిలో కొందరు తోటలను విడిచి కూరగాయలు పండించుకొనుచు, తట్ట నెత్తిన పెట్టుకొని అమ్ముకొనుచు బ్రతుకజొచ్చిరి. మా ముత్తాత అట్టివాడే. 1867వ సంవత్సరపు 31వ చట్టము ప్రకారము పాత వలసదారుడు తన ఛాయాచిత్రముతో గూడిన చీటీని ఎల్లవేళల వెంట నుంచుకొనవలెను. ఏ జిల్లాలో నివసించునో ఆ జిల్లా పోలీసువారి పత్రమును గూడ చూపవలెను. చూపలేనివానిని దిమ్మరి యని పట్టుకొనవచ్చును. గ్రాండ్‌ రివర్‌ వద్ద అట్టివారిని ఉంచుటకు ప్రత్యేకముగ నొక నిర్బంధశాల యుండెను.  ఎవరి క్రిందను లేక తన చేతిమీద బ్రతుకువాడు అడుగడుగున కాగితము చూపవలసివచ్చెను.

ఆ కష్టములను చూచి అడోల్ఫ్‌ ద ప్లెవిట్జ్‌ అనునతడు 1871లో ఒక విన్నపమును వ్రాసి, 9,401 మంది పాత వలసదారుల చేవ్రాళ్లతో గవర్నరు ఆర్థరు గార్డన్‌ గారికి సమర్పించెను. అందుకు ప్రతిఫలముగా తెల్ల తోటదారులలో నొకడు అతనిని పోర్ట్‌ లూయీ వీధిలో కొట్టెను. అయినను ఆ విన్నపము వ్యర్థము గాలేదు. 1872లో ఇంగ్లండునుండి విచారణ సంఘము వచ్చి, 1875లో తన నివేదికను ప్రకటించెను. ఆ చట్టములు నడచిన తీరును అది తీవ్రముగా ఆక్షేపించెను.

నేను ఇదంతయు మేనల్లునికి చెప్పితిని. ఊరడించుటకు గాదు, నాటి చీటీకిని నేటి పన్నుల కాగితమునకును భేదము చాల ఉన్నది. నాడు మా ముత్తాత కోరి పోలేదు, అడిగి తెచ్చుకోలేదు, వ్రాయుట రానివాడు. నేడు ఇతడు వ్రాయగలడు. తన లెక్కను తానే వ్రాసికొను శక్తి ఉండి వ్రాయకపోవుటను గురించియే నా విచారము. అతడు ఎదురు మాటాడక, "సరే, ఏం చేయాలో చెప్పండి" అనెను.

చెప్పినది నేను గాదు; కోడలు. ఈ కథలో అందరికంటె తెలివిగా నడచినది ఆ పిల్లయే. ఆమె పెండ్లికి ముందు ఒక దుకాణములో లెక్కలు వ్రాసెడిది. నిశ్చయ తాంబూలముల తరువాత, 2024 ఏప్రిల్‌ మొదటి వారమున, కాబోవు భర్తతో "శనివారం సొమ్ము కూడా బ్యాంకులో వేయండి, బిల్లు ఇవ్వండి, నాకు చెప్పండి, నేను రాస్తాను" అనెనట. నాటినుండి ప్రతి శనివారము రాత్రి అతడు ఫోనులో చెప్పుచుండ, ఆమె ఇచట నల్ల అట్ట పుస్తకములో వ్రాయుచు వచ్చెను. ఎవరి యింటి పని, ఎన్ని దినములు, ఎంత సొమ్ము, రంగు డబ్బా ఖరీదు. పెండ్లి అయిన తరువాత దరఖాస్తు మాట వచ్చినప్పుడు ఆమె అత్తగారితో, "ఈ ఏడు లెక్క ముగిసేదాకా ఆగుదాం" అని చెప్పినది. మేము పెద్దలము వినలేదు. పెండ్లి చేసికొని పిల్లను ఇంటనే ఉంచుకొనిరని బంధువు లందురని భయపడితిమి. 2024 అక్టోబరులో దరఖాస్తు పెట్టించితిమి. దాని రుసుము 1,846 పౌండ్లు మునిగిపోయినవి. వైద్య సౌకర్యమునకై ముందుగా కట్టిన 3,105 పౌండ్లు మాత్రము తిరస్కారము తరువాత తిరిగి వచ్చినవి.

తిరస్కారముపై 28 దినములలో అప్పీలు చేసికొను హక్కు ఉన్నది. కాని ఆ సంవత్సరపు అంకె తక్కువయే గనుక అప్పీలుకంటె క్రొత్త దరఖాస్తు మేలని ఒక న్యాయవాది చెప్పెను. ఇచట ఒక హెచ్చరిక. బ్రిటనులో వలస విషయములందు సొమ్ము తీసికొని సలహా చెప్పువాడు న్యాయవాది యైన కావలెను, లేదా వలస సలహాదారుల నియంత్రణ సంస్థలో నమోదైనవాడైన కావలెను. ఆ సంస్థ పేరు 2025 జనవరి నుండి మారినది; పని మారలేదు. బంధువుల బంధువు, దేశవాళీ దుకాణములో కూర్చుండువాడు చెప్పిన మాటను నమ్మి మొదటిసారి మునిగితిమి.

మేనల్లుడు మొదట 2023–24 రిటర్నును సవరించి, దాచిన 4,000 పౌండ్లను చేర్చి, పన్నును వడ్డీని కట్టెను. వీసాకు అది ఉపయోగపడదని తెలిసియే కట్టెను. తరువాత ఏప్రిల్‌ 5 గడచువరకు ఆగెను. రిటర్ను పంపుటకు మరుసటి జనవరి 31 వరకు గడువున్నను, సంవత్సరము ముగిసిన మరునాటినుండియే పంపవచ్చును. ఈ సంగతి చాలమందికి తెలియదు. కోడలి పుస్తకము సిద్ధముగా నున్నందున రెండు వారములలో లెక్కలు తేలినవి. 2024–25 లాభము 31,200 పౌండ్లు.

స్వంత పనివానికి రెండు దారులు కలవు. గడచిన ఒక్క పూర్తి సంవత్సరపు ఆదాయమును చూపుట యొకటి. గడచిన రెండు సంవత్సరముల సగటును చూపుట మరియొకటి. ఒక యేడు తగ్గి ఒక యేడు పెరిగినవారికి రెండవది మేలు. మనవాని విషయమున సవరించిన సంవత్సరమును మరల అధికారి ముందు పెట్టుట తెలివి గాదని మొదటి దారినే యెంచుకొనిరి. అయినను ఆ సవరణను దాచలేదు. మొదటి దరఖాస్తులో ఒక అంకె, నేడు పన్నుల శాఖలో మరియొక అంకె ఎందుకున్నదో తెలుపుచు ఒక పుట ఉత్తరము వ్రాసి, పన్ను కట్టిన రశీదుతో జతపరచిరి. అడుగకముందే చెప్పుట మంచిదని 2019 తీర్పును చదివిన న్యాయవాదియే చెప్పెను.

ఈసారి పోయిన కట్టలో ఏమున్నదో చెప్పెదను. పన్నుల శాఖకు పంపిన రిటర్ను. దానిని బట్టి ఆ శాఖ వేసిన పన్ను లెక్క, దానినే అచట ఎస్‌.ఏ. 302 అందురు, స్వంత పనివానిగా నమోదైనట్లు పది అంకెల సంఖ్య గల పత్రము, ఆ పండ్రెండు మాసముల బ్యాంకు కాగితములు, వ్యాపారపు ఖాతావి ఇంటి ఖాతావి రెండును, గుర్తింపు పొందిన సంఘమునకు చెందిన లెక్కల నిపుణుని ధ్రువీకరణముతో సంవత్సరపు జమాఖర్చులు, గుత్తేదారుల మినహాయింపు చీటీలు, ఏప్రిల్‌ తరువాత గూడ పని సాగుచున్నదని చూపు క్రొత్త బిల్లులు, బ్యాంకు కాగితములు. అన్నిటిమీద కోడలు ఒక పట్టిక వేసినది. ఎడమ వైపున బిల్లు సంఖ్య, నడుమ గుత్తేదారు మినహాయించినది, కుడి వైపున బ్యాంకులో పడిన సొమ్ము, తేదీ. ఏ బిల్లు ఏ జమ అయినదో చంటిపిల్లవాడు గూడ వ్రేలు పెట్టి చూపగలడు. ఆ పట్టిక పెట్టుమని ఏ నియమమును కోరదు. కాని మొదటిసారి అధికారికి అర్థము కానిది అదియే.

2025 మే మాసమున దరఖాస్తు పడినది. సెప్టెంబరులో వీసా వచ్చినది.

వేచియున్న ఆ నాలుగు మాసములు మా చెల్లెలి యింట ఎట్లు గడచినవో వ్రాయుట నా తరము గాదు. కోడలు ప్రతి ప్రాతఃకాలమున తులసికి నీరు పోసి, ఫోను చూచి, మరల లోపలికి పోయెడిది. సింహాద్రి అప్పన్న పూజకు వచ్చిన ఆడవారు "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని అడిగిరి. దురుద్దేశముతో గాదు, అయినను అడుగకుండవలసినది.

మన ద్వీపమున నున్న పెద్దలకు గూడ ఈ విషయముతో పని కలదు. కెనడాలోను, ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను ఉన్న బిడ్డలను చూచివచ్చుటకు మనము వీసా అడిగినప్పుడు, తిరిగి వచ్చెదమని నమ్మించుటకు ఇచటి జీవనాధారమును చూపవలెను. జీతము లేని చెరకు రైతు తన చెరకు సొమ్ము చేరిన కాగితములను, భూమి పత్రములను, మన పన్నుల శాఖకు పంపిన రిటర్నును ఒకచోట నుంచుకొనినచో కష్టముండదు. మన పన్నుల సంవత్సరము జూలై 1న మొదలై జూన్‌ 30న ముగియును. బ్రిటను సంవత్సరముతో కలిపి తికమకపడరాదు. చెరకు సొమ్ము విడతలుగా వచ్చును గనుక ఒక మాసపు బ్యాంకు కాగితము చూచినవానికి రైతు ధనవంతునిగానో దరిద్రునిగానో కనబడును. పండ్రెండు మాసములవి ఇచ్చుటయే క్షేమము.

పురోహితుల సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. దక్షిణ తాంబూలములో వచ్చును, పళ్ళెములో వచ్చును, బియ్యముతో బాటు వచ్చును. గృహస్థును రశీదు తీసికొనుమని చెప్పుట మన నోటికి రాదు. నేనును నలువది యేండ్లు అట్లే గడపితిని. ఈ వ్యవహారము తరువాత ఒక చిన్న పుస్తకము కొని, ఏ తిథిన ఎవరి యింట ఏ కార్యము జరిగినది, ఎంత దక్షిణ వచ్చినది అని వ్రాయుచున్నాను. వచ్చిన సొమ్మును సోమవారము బ్యాంకులో వేయుచున్నాను. మొదటి మాసము చివర కూడిక చూచి మా యింటివారు, "ఇంత వస్తోందా? మరి నాతో ఎప్పుడూ లేదంటారేం?" అనిరి. ఈ కష్టమును గురించి నన్నెవరును ముందుగా హెచ్చరించలేదు.

కోడలి వీసా 33 మాసములకు ఇచ్చిరి. అది ముగియకముందే పొడిగింపు కోరవలెను. అప్పుడు ఆదాయమును మరల చూపవలెను. అందుకు ఆమె ఆ దేశమున ఉద్యోగము చేసినచో ఆ జీతమును గూడ లెక్కలో చేర్చుకొనవచ్చును. ఇట్టి నియమములను ప్రభుత్వములు తరచుగా మార్చుచుండును గనుక, దరఖాస్తు పెట్టు దినమున నున్న నియమమునే చూచుకొనవలెను గాని, ఈ వ్యాసములోని అంకెలను పట్టుకొని కూర్చుండరాదు.

ఆమె ప్రయాణమునాడు విమానాశ్రయమునకు పోయితిమి. పెట్టె బరువు ఎక్కువయినదని అచట తెరచి, చెల్లెలు పెట్టిన ఊరగాయ సీసాలు రెండు, పప్పుల మూట ఒకటి తీసివేయవలసివచ్చెను. నల్ల అట్ట పుస్తకమును తీసివేయుదుమా యని వియ్యంకులవారు అడుగగా, ఆమె దానిని తీసి చేతిసంచిలో పెట్టుకొనెను. అది రెండవ పుస్తకమట. మొదటిది అప్పటికే నిండినది.